ఫెట్ సర్క్యూట్ కిట్: ఆ నీలి చుక్కల కోసమే వాడుతున్నా

కంప్యూటర్ తెర మీద సైన్స్ ప్రయోగాలు చేసి చూసుకునే ఫెట్ (PhET) సిమ్యులేషన్ల గురించి సైన్స్ టీచర్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ మొదలుపెట్టారు, ఉచితం, ఫైల్ దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. నేను రాస్తున్నది వాటిలో తెర మీద బ్యాటరీ, బల్బు, తీగలు కలిపి సర్క్యూట్ కట్టే ఒక్క సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్ గురించి, అందులోనూ ఎలక్ట్రాన్లుగా తీగల్లో కదిలే నీలి చుక్కల గురించి. జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతికి కరెంటు పాఠం చెప్తూ కొన్నేళ్లుగా వాడుతున్నాను, ఆ చుక్కలంటే నాకు ఇప్పటికీ అంతే ఇష్టం.

ఎందుకంటే, ఎంత చెప్పినా పిల్లల్లో ఒక నమ్మకం పోదు: బ్యాటరీ నుంచి వచ్చిన కరెంటులో కొంత బల్బు తినేస్తుంది, మిగిలిందే వెనక్కి పోతుంది అని. శ్రేణిలో (ఒకదాని వెనక ఒకటి కలిపిన సర్క్యూట్‌లో) అన్నిచోట్లా విద్యుత్ ప్రవాహం ఒకటే అని పరీక్షలో తప్పు లేకుండా రాసే పిల్ల కూడా, బల్బు దాటాక కరెంటు కొలిచే అమ్మీటర్ పెడితే ఎంత చూపిస్తుందని అడిగితే "తక్కువే మేడమ్" అంటుంది. అందుకే తరగతిలోని పెద్ద డిజిటల్ తెర, అదే ప్యానెల్, ఆన్ చేయకముందే బల్బుకు ముందు ఎంత, తర్వాత ఎంత అని అందరితో నోట్సులో రాయిస్తాను. అదయ్యాక ఒకరిని పిలిచి సర్క్యూట్ కట్టిస్తాను: 9 వోల్టుల బ్యాటరీ, 10 ఓమ్‌ల బల్బు, అటొకటి ఇటొకటి అమ్మీటర్. రెండూ 0.90 ఆంపియర్లే! ఒకసారి ఒక కుర్రాడు ప్యానెల్‌కి ముఖం ఆనించినంత దగ్గరికి వెళ్లి, బల్బులోకి పోయే చుక్కల్నీ బయటికొచ్చే చుక్కల్నీ వేలితో లెక్కపెట్టి, "పోయినవన్నీ వస్తున్నాయి కదా మేడమ్, మరి వెలగడానికి ఏం ఖర్చవుతోంది?" అన్నాడు. శక్తి గురించి చెప్పడానికి అంతకంటే మంచి ప్రశ్న ఏముంటుంది? బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినన్నాళ్లూ నన్నెవరూ అలా అడగలేదు.

అయితే, ఆ తర్వాత ఒక ఏడాది జరిగింది కూడా చెప్పాలి. సిమ్యులేషన్‌లో వోల్టేజి మారుస్తూ కరెంటు రీడింగులు తీసి గ్రాఫ్ గీశారు, గీత తిన్నగా వచ్చింది. మర్నాడు ల్యాబులో టార్చి బల్బు, సెల్లులు, మీటర్లు ఇచ్చి అదే చేయమన్నాను. ఈసారి గీత పైకి వెళ్లేకొద్దీ పక్కకు వంగింది. బల్బులోని సన్నటి తీగ, అంటే ఫిలమెంటు, వేడెక్కి నిరోధం (కరెంటుకు అడ్డు) పెరుగుతుంది కాబట్టి వంగాల్సిందే. పిల్లలు మాత్రం "మన మీటర్ పాడైంది మేడమ్, ప్యానెల్లో కరెక్టుగానే వచ్చిందిగా" అన్నారు. ఒక గ్రూపయితే గ్రాఫ్ మీది బిందువుల్ని రబ్బరుతో చెరిపి గీత మీదికి జరిపేసింది. ఆ కాగితం చూసి నాకు చాలా బాధేసింది. కళ్లెదుటి బల్బు కంటే తెర మీది బల్బును ఎక్కువ నమ్మారంటే ఇంక ప్రయోగం ఎందుకు?

ఇది సిమ్యులేషన్ లోపం అనను. నిరోధం మారని బల్బుతో మొదలుపెడితేనే, వోల్టేజి ఎంత పెరిగితే కరెంటూ అంత పెరుగుతుందనే ఓమ్ నియమం తేలిగ్గా అర్థమవుతుంది. చుక్కలు కూడా అంతే, కంటికి కనబడేలా పరిగెత్తుతాయి కానీ మామూలు తీగలో ఎలక్ట్రాన్లు సెకనుకు ఒక మిల్లీమీటరు కూడా జరగవు. ఇంకోటి, తెర మీద తీగను దగ్గరికి తెస్తే దానంతటదే అతుక్కుంటుంది. అసలు తీగకేమో పైపొర ఒలవాలి, బల్బు కింది మొనకొకటి, పక్కనున్న లోహపు భాగానికొకటి ఆనించాలి. తెర మీద చకచకా కట్టిన పిల్లలే ఇక్కడ తడబడ్డారు.

మా బడిలో చిన్నదైనా ల్యాబు ఉంది, తరగతిలో పిల్లలూ తక్కువే, కాబట్టి రెండూ చేయించగలుగుతున్నాను. ల్యాబే లేని చోటా, డెబ్భై మంది ఉన్న సెక్షన్‌లోనూ నా పద్ధతి కుదరకపోవచ్చు, అక్కడ ఇదొక్కటే ఉన్నా చాలా మేలు. నేనైతే ఇప్పుడు వరస మార్చాను: ముందు సెల్లు, బల్బు, రెండు తీగలు చేతికిచ్చి వెలిగించమంటాను, అది వెలిగాకే ప్యానెల్ ఆన్ చేస్తాను. వంగిన గ్రాఫ్‌నీ తిన్నటి గ్రాఫ్‌నీ పక్కపక్కన అతికించి, తేడా ఎందుకొచ్చిందో పిల్లలతోనే రాయిస్తున్నాను.