నిద్రలేమికి సీబీటీ-ఐ: ఏది పని చేసింది, ఏది చేయలేదు

సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మానసిక చికిత్స) అనగానే కూర్చోబెట్టి ధైర్యం చెబుతారనుకుంటారు చాలామంది. నిద్రలేమికి చేసే సీబీటీ-ఐలో మాటలకన్నా లెక్కలే ఎక్కువ. ముందు నాతో నిద్ర డైరీ రాయించారు: ఎన్నింటికి పడుకున్నాను, సుమారు ఎప్పుడు నిద్ర పట్టింది, మధ్యలో ఎంతసేపు మెలకువగా ఉన్నాను, ఎన్నింటికి లేచాను. చూస్తే మంచం మీద ఎనిమిదిన్నర గంటలు, నిద్ర మాత్రం ఐదున్నర. అంటే మంచం మీదున్న సమయంలో నిద్ర 65 శాతమే.

ఇక మంచం మీద ఐదున్నర గంటలే ఉండాలన్నారు. రాత్రి 12:30కి పడక, ఉదయం 6కి అలారం, ఆదివారమైనా సరే. నిద్ర రానివాళ్లను ఇంకా తక్కువ పడుకోమనడమేమిటి అనిపిస్తుంది కదా! ఎక్కువసేపు మేలుకునే కొద్దీ నిద్ర ఒత్తిడి, అంటే ఒంటికి నిద్ర కావాలనే తపన, పెరుగుతుంది. దాన్ని మంచం మీద దొర్లుతూ చిల్లర ఖర్చు చేయకుండా కూడబెట్టడమే కిటుకు. డైరీలో ఆ నిద్ర శాతం 85 దాటితే మంచం మీది సమయానికి ఇంకో 15 నిమిషాలు కలుపుతారు. ఎంత తగ్గించినా 5 గంటల కన్నా కిందకు దిగనివ్వరు.

మొదటి వారాలు నరకమే. మధ్యాహ్నానికి తల దిమ్ము, చిన్న మాటకే చిరాకు. ఆ రోజుల్లో బండి నడపకపోవడం మేలు. బైపోలార్, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీని జోలికి పోవద్దు.

నిద్ర పట్టక ఓ 20 నిమిషాలైందనిపిస్తే లేచి వేరే గదిలోకి వెళ్లాలి. అందాజుగానే, గడియారం చూడకూడదు. నేను మసక వెలుతురులో బట్టలు మడతపెట్టుకునేదాన్ని. రెప్పలు వాలితేనే మళ్లీ మంచం.

'ఇవాళ నిద్ర లేకపోతే రేపు పని నాశనం' లాంటి భయాలను రాసి, మర్నాడు నిజంగా ఏం జరిగిందో పక్కనే రాయమన్నారు. నీరసంగానైనా పనులన్నీ జరిగాయి. టెన్షన్ సగం అక్కడే దిగింది.

కాఫీ తగ్గించండి, ఫోన్ పక్కన పెట్టండి అనే కాగితం మాత్రం దండగ. అదొక్కటే చేస్తే పాత నిద్రలేమి కదలదు. శ్వాస వ్యాయామాలూ నాకు పెద్దగా అబ్బలేదు.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లోనే దీర్ఘకాలిక నిద్రలేమికి మొదటి చికిత్స ఇదేనంది. నా దాకా వచ్చేసరికి మాత్రల చీటీలు బోలెడు పోగయ్యాయి.

ఇప్పటికీ చెడ్డ రాత్రులు వస్తాయి. మర్నాడూ 6కే లేస్తాను, పగటి కునుకు తీయను. మరీ గాడి తప్పితే డైరీ తీసి, పడక సమయం నేనే కుదించుకుంటాను.