ధింసా చూడాలంటే: ఊళ్లో ఇటుకల పండుగకా, అరకు వేదిక దగ్గరికా?

ధింసా అరకు వైపు ఆదివాసీల గుంపు నాట్యం. ఇటుకల పండుగ వాళ్లు చైత్రంలో చేసుకునేది. అదే నాట్యాన్ని అరకులో పర్యాటకుల కోసం వేదిక మీదా ఆడతారు. చైత్రం వస్తే విశాఖలో చాలామందికి ఎక్కడికెళ్లాలన్నదే సందేహం.

ఖర్చు: వేదికైతే టికెట్టో, రిసార్టు గదో. ఊరికైతే దారిలో ఆడవాళ్లు కర్ర అడ్డుపెట్టి, పాడుతూ అడిగే పండుగ డబ్బులు. చిల్లర దగ్గరుంచుకోండి, విసుక్కోకండి. అది వాళ్ల ఆచారం.

శ్రమ: అరకు సుమారు 115 కిలోమీటర్లు, కిరండూల్ రైలుంది. ఊళ్లకి ఆపైన జీపు, నడక.

చూసేది: అసలు తేడా ఇక్కడే. ఊళ్లో పండుగ విత్తనాల పూజతో ముడిపడింది. పూజ చేసిన గింజల్ని ఇంటి విత్తనాల్లో కలుపుకుంటారు. వేట ఒకప్పుడు పండుగకి ప్రాణం. 1972 వన్యప్రాణి చట్టం, తరిగిన అడవి దాన్ని కుదించాయి. ధింసా మాత్రం నిలిచింది. వెనక నుంచి చేతులు పెనవేసుకుని, మోరి, తుడుం, డప్పు వాయిద్యాల మీద పొద్దుపోయేదాకా ఆడతారు. వేదిక మీదా అవే అడుగులు, కానీ ఒకే రంగు చీరలు, కాసేపట్లో ముగింపు. నాకది వెలితే. అయినా ఆ కళాకారులకి అది సంపాదన, చిన్నచూపు తగదు.

ఇబ్బంది: పండుగ రోజులు ఊరూరికీ మారతాయి. అడక్కుండా ఫోన్ ఎత్తి వీడియో తీయడం తప్పు.

పెద్దవాళ్లు, పసిపిల్లలు వెంట ఉన్నా, ఒక్కరోజే సెలవున్నా వేదిక నయం. ఊళ్లో పిలిచే మనిషుంటే మాత్రం పండుగకే వెళ్లండి, రాత్రికి ఉండేలా.