రాజమండ్రిలో 58 రోజులు: ఎవరితో ఎక్కడికి వెళ్ళాం

ఏప్రిల్ 28న షిల్లాంగ్ నుంచి ఇంటికొచ్చాను. జూన్ 24 రాత్రి హిమాచల్‌లోని స్పితి వెళ్ళడానికి మళ్ళీ బండెక్కాను. మధ్యలో 58 రోజులు రాజమండ్రిలో ఉన్నాను. ఇంటర్ అయ్యాక ఇన్ని రోజులు వరసగా అమ్మానాన్నల దగ్గర ఉండటం ఇదే. ఇన్నేళ్ళూ పండక్కి రావడం, మూడో రోజున బ్యాగు సర్దుకోవడం, అంతే.

ఏ ఊరెళ్ళినా పడక ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, దారి ఎలా ఉంది అని చిన్న నోటుపుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. ఈసారి మా జిల్లా గురించి కూడా అలాగే రాశాను. తర్వాత తిరగేస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. నాన్నతో వెళ్ళినప్పుడు బాగున్న చోటు స్నేహితులకి నప్పదు. స్నేహితులతో అదిరిపోయిన చోటికి అమ్మను తీసుకెళ్తే పాపం ఇబ్బంది పడుతుంది. అందుకని కింద ఏ చోటు గురించి చెప్పినా ఎవరితో వెళ్ళానో కూడా చెబుతున్నాను.

ముందు రైలు సంగతి. హౌరా వైపు నుంచి వచ్చే బండికి గోదావరి వంతెన తగలదు. సామర్లకోట దాటిన కాసేపటికి స్టేషన్ వచ్చేస్తుంది. అదే విజయవాడ వైపు నుంచి వస్తే కొవ్వూరు దాటగానే బండి చప్పుడు మారుతుంది, జనం తలుపు దగ్గరికి వస్తారు, ఎవరో ఒకరు నీళ్ళలోకి చిల్లర విసురుతారు. అప్పుడుగానీ ఊరొచ్చినట్టు ఉండదు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ ఆ మాటంటే నాన్న లేచి చెప్పులేసుకున్నారు. "పదరా, వంతెనే కదా" అన్నారు.

పుష్కర ఘాట్‌లో కూర్చుంటే వంతెనలు కనిపిస్తాయి. 1900లో వాడుకలోకి వచ్చిన హేవలాక్ వంతెన మీద 1997 నుంచి రైళ్ళు లేవు. అదే ఏడాది ఆర్చి వంతెన వచ్చింది. పైన బస్సులు, కింద రైళ్ళు వెళ్ళే పాత వంతెన 1974 నాటిది. నాన్న ఉద్యోగానికి రోజూ కొవ్వూరు వెళ్ళొచ్చింది దాని మీదే. ఏ నెలలో నీళ్ళు ఏ స్తంభం దాకా ఉంటాయో ఆయనకి తెలుసు. మోకాళ్ళ నొప్పుల వల్ల ఇప్పుడు కింది మెట్ల దాకా దిగలేరు. పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి నేను చెప్పేది ఒకటే. సాయంత్రం గోదావరి హారతి చూడాలంటే అరగంట ముందే వెళ్ళి పై మెట్ల మీద చోటు పట్టుకోండి. ఆలస్యంగా వెళ్తే నిలబడటమే, లేదంటే దిగడం. తిరిగొచ్చేటప్పుడు ఆటోలకి కాస్త నడవాలి. 2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి. ఈ ఘాట్‌ను ప్రశాంతంగా చూడాలనుకునేవాళ్ళు అంతకుముందే వచ్చి చూసుకోవడం మంచిది.

పడక విషయంలో ఇల్లు కంటే డాబాకే ఎక్కువ మార్కులు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్నది మా ఊళ్ళో మాటవరసకి చెప్పేది కాదు. సాయంత్రం ఐదింటికి డాబా మీద పోసిన మొదటి బకెట్ నీళ్ళు కళ్ళముందే ఆరిపోతాయి. సున్నం తడిసిన వాసన ఒకటి గుప్పున లేస్తుంది. పొద్దుగూకాక రెండోసారి పోసి, ఆరాక చాపలూ నవారు మంచమూ వేస్తాం. అర్ధరాత్రి దాకా ఉక్క. ఆ తర్వాత గోదావరి వైపు నుంచి గాలి తిరుగుతుంది. ఆ గాలి తగలగానే అమ్మ నిద్రలోనే దుప్పటి కోసం చెయ్యి చాస్తుంది. మేఘాలయలో ఎంతో బాగున్న గదుల్లో పడుకుని వచ్చాను గానీ నిద్ర అంటే ఈ రెండు నెలలదే.

మే నెలలో హోటల్లో దిగేవాళ్ళు మాత్రం ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, ఫ్యానూ లైటూనేనా? హైదరాబాదు నుంచి వచ్చిన మా స్నేహితుడి కుటుంబం దిగిన లాడ్జిలో ఫ్యాను ఒక్కటే తిరిగింది. నాలుగేళ్ళ పాపతో రాత్రి రెండింటికి మా ఇంటికొచ్చేశారు. ఆ తర్వాత వాళ్ళ పడకా డాబా మీదే.

వాళ్ళొచ్చింది సికింద్రాబాద్ నుంచి మధ్యాహ్నం బయల్దేరే వందేభారత్‌లో. రాత్రి భోజనాల వేళకి దిగారు. పిల్లలతో వచ్చేవారికి అది హాయి. రాత్రి ప్రయాణమైతే గౌతమి ఎక్స్‌ప్రెస్ ఉంది. కానీ వేసవిలో 60 రోజుల ముందు బుకింగ్ తెరుచుకున్న పొద్దునే కూర్చోకపోతే వెయిటింగ్ లిస్టే. తత్కాల్ ముందు రోజు ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి తెరుస్తారు. నేను రెండుసార్లు ప్రయత్నించి ఒకసారి సంపాదించాను.

కోనసీమకి అమ్మ, నాన్న, పిన్నితో వెళ్ళాను. అద్దె కారు మాట్లాడుకుని తెల్లవారకముందే బయల్దేరాం. ఎండ ముదిరేలోపు నాన్న ధవళేశ్వరం చూపించాలన్నారు. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించిన ఆనకట్ట చోటే ఇప్పటి బ్యారేజీ ఉంది. బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వెళ్ళే రోడ్డు కాలువ గట్టు వెంట నడుస్తుంది. చిన్నప్పుడు ఆ కాలువలో ఈదినవాణ్ణి కదా, ఆగి చూద్దామని దిగాను. కాలువ ఎండిపోయి ఉంది. అడుగున బురద పెచ్చులు కట్టి, ఒక గేదె అందులోంచి నడిచి అవతలి గట్టెక్కింది. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక నీళ్ళు ఆపేస్తారని, మరమ్మతులు చేసి జూన్‌లో మళ్ళీ వదులుతారని నాకు తెలియనిది కాదు. సెలవులంటే నీళ్ళే గుర్తుండి, ఆ సంగతి మరిచిపోయానంతే. కోనసీమ కాలువలు నిండుగా చూడాలనుకునేవాళ్ళు మే నెలలో రాకండి.

ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఒకావిడ ఇంటి అరుగు మీద చాలాసేపు కూర్చున్నాం. బోర్లించిన కుండ కింద మంట. జారుగా కలిపిన బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను రెండు చేతులా పట్టుకుని ఆవిడ కుండ మీద ఒక్కసారి లాగింది. గుడ్డ వెనకే పొర ఏర్పడింది. చెయ్యి వెలుతురులో పెడితే అటువైపు వేళ్ళు కనిపించేంత పల్చన. పిన్ని తనూ ఒకటి లాగుతానంది. మొదటిది చిరిగింది, రెండోది వచ్చింది. "ఆయ్, చెయ్యి తిరిగిందండి మీకు" అందావిడ. ఈ పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రోడ్డు మీద దుకాణాల్లో కొనేకన్నా ఇలా చేసే ఇంటి దగ్గరే కొనండి. బెల్లంవి అడిగి, అప్పుడు చుట్టించుకోండి.

రావులపాలెం అరటి మార్కెట్‌లో గెలలు చూసుకుంటూ దిండి చేరేసరికి పదకొండయింది. పర్యాటక శాఖ రిసార్ట్ గోదావరి పాయ వసిష్ఠ ఒడ్డున, కొబ్బరిచెట్ల మధ్య ఉంది. చోటు అందమైంది, అందులో సందేహం లేదు. కానీ పదకొండింటి నుంచి నాలుగింటి దాకా గది బయట అడుగు పెట్టలేం. నీటి మీంచి ఎండ కొడుతుంది. సాయంత్రం ఐదు తర్వాతే ఆ చోటు విలువ తెలిసింది. పడవలు తిరిగొచ్చే వేళ అమ్మా పిన్నీ ఒడ్డున కుర్చీలేసుకుని తమ అమ్మమ్మగారింటి కబుర్లు చెప్పుకున్నారు. అందులో సగం నేను ఎప్పుడూ విననివి. అందుకే ఆ రాత్రికి పెట్టిన డబ్బు నాకు దండగ అనిపించలేదు. అయినా మే నెలలో దిండికి మధ్యాహ్నం కాకుండా సాయంత్రానికి చేరేలా చూసుకోవాలి.

మర్నాడు తెల్లవారుజామున అంతర్వేది. మాఘమాసంలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణమప్పుడు ఇసుక వేస్తే రాలనంత జనం. వేసవి పొద్దున మాత్రం దర్శనం సులువుగా అయింది. అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నది నీరు, సముద్రం నీరు కలిసే చోట అమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మోకాలి లోతు వరకు దిగింది. అడుగు జారుతుంది, లోపలికి పోవద్దని పడవవాళ్ళు అరుస్తూనే ఉంటారు. వాళ్ళ మాట వినాలి. తిరుగుదారిలో సఖినేటిపల్లిలో కారుతో సహా పంటు (బళ్ళను కూడా రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం రేవులో దిగాం. చుట్టు తిరిగే దూరం తగ్గుతుంది, గాలి కూడా తగులుతుంది. నాన్న మొత్తం ప్రయాణంలో బాగా ఆనందించింది ఆ కాసేపే.

మారేడుమిల్లికి నలుగురం స్కూలు స్నేహితులం వెళ్ళాం. గోకవరం, రంపచోడవరం మీదుగా ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. నగదు, పెట్రోలు రంపచోడవరం దాటకముందే చూసుకోవాలి. మేం దిగింది అటవీ శాఖ వాళ్ళ ఎకో టూరిజం వసతి. నడిపేది స్థానిక గిరిజనులే. గది చిన్నదే గానీ శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఉతికినవి, వంట వేడివేడిగా పెట్టారు. ఏసీ లేకపోయినా రాత్రి అవసరం పడలేదు. జలతరంగిణి, అమృతధార జలపాతాల్లో మాత్రం సన్నటి ధారే ఉంది. నీళ్ళ కోసం వెళ్ళేవాళ్ళు వానలు పడ్డాక వెళ్ళండి. గుడిస కొండ మీదికి తెల్లవారుజామున జీపులో వెళ్ళాం. దారి ఒళ్ళు హూనం చేస్తుంది. పైన గడ్డి ఎండి బంగారు రంగులో ఉంది, కింద మబ్బు. నడుము నొప్పి ఉన్నవాళ్ళు, పెద్దవాళ్ళు ఆ జీపు ఎక్కవద్దు.

రాత్రి బొంగులో చికెన్ కాల్చేదాకా నిప్పు చుట్టూ కూర్చున్నాం. పచ్చి వెదురు ముందు పసుపు రంగుకి తిరిగి, తర్వాత నల్లబడి, మూతికి కుక్కిన ఆకుల్లోంచి ఆవిరి రావడం మొదలైంది. అక్కడ ఫోన్లలో సిగ్నల్ లేదు. ఆ నిశ్శబ్దంలో మాలో ఒకడు వాళ్ళ నాన్నగారు పోయిన రోజు గురించి మొదటిసారి చెప్పాడు. పోయిన ఏడాది ఆయన పోయినప్పుడు మేం ముగ్గురం మూడు ఊళ్ళలో ఉన్నాం. ఫోన్లు చేశాం, ఎవరం రాలేదు. "మీరొస్తారని వీధి వైపే చూశాన్రా" అన్నాడు. కోపంగా అనలేదు. మేం ఏమీ అనలేకపోయాం. బొంగు పగలగొట్టి తనకి మొదట వడ్డించాం. తిరిగొచ్చిన రోజు నలుగురం నేరుగా వాళ్ళమ్మగారి దగ్గరికి వెళ్ళి, అన్నం తిని, రాత్రి దాకా ఉన్నాం. ఈ వేసవిలో నేను చేసిన ప్రయాణాల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ వీధి చివరిదాకా వెళ్ళినదే.

పాపికొండలు వదిలేశాం. గండిపోచమ్మ గుడి దగ్గర ఎక్కితే రోజంతా లాంచీలోనే ఉండాలి. ఆ ఎండలో నాన్నకి మంచిది కాదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన ప్రమాదం తర్వాత లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కనివ్వకపోవడం మంచి పని. మీరు వెళ్తే దాన్ని విప్పి పక్కన పెట్టకండి. వెళ్ళడానికి నవంబరు, డిసెంబరు మంచి నెలలు.

ఇంట్లో గడిచిన రోజుల్లో ఆవకాయ రోజు ఒకటి చెప్పాలి. పిన్నీ నేనూ మార్కెట్‌లో కాయలు కొట్టించాం. ప్రతి ముక్కకీ టెంక అంటి ఉండాలని పిన్ని కొట్టే అతని పక్కనే నిలబడింది. ఇంటికొచ్చి జీడి తీసి, లోపలి పల్చటి పొర గీకి, పొడిబట్టతో ఒక్కొక్క ముక్క తుడిచాం. తడి తగిలితే జాడీ మొత్తం బూజే. మూడో రోజు తిరగకలిపాక బేసిన్‌కి అంటుకున్న పిండిలో వేడన్నం, నెయ్యి వేసి అమ్మ అందరికీ ముద్దలు పెట్టింది. స్పితికి ఒక చిన్న సీసా తీసుకెళ్ళాను.

జూన్‌లో కాలువలకి నీళ్ళు వదిలారని పేపర్లో చూసి నాన్న, "వెళ్దామా?" అన్నారు. బండి మీద ధవళేశ్వరం లాకుల దగ్గరికి వెళ్ళాం. నీళ్ళు ఎర్రగా, ఎండుటాకులు, పుల్లలు మోసుకుంటూ వస్తున్నాయి. నాన్న రెయిలింగ్ పట్టుకుని నెమ్మదిగా రెండు మెట్లు దిగి, చెయ్యి ముంచి చూశారు. "ఇంకా వేడిగానే ఉన్నాయిరా" అన్నారు. ఆయన పైకెక్కడానికి నేను చెయ్యందించాను.