జీపీజీ నాలుగేళ్లు వాడాక నా రివ్యూ, ముఖ్యంగా కీరింగ్ పర్మిషన్ల గురించి

ఫైల్స్ ఎన్‌క్రిప్ట్ చేయడానికీ (వేరేవాళ్లు చదవలేకుండా మార్చడానికీ) మెయిల్స్ సైన్ చేయడానికీ (మనమే పంపామని రుజువు పెట్టడానికీ) నాలుగేళ్ల నుంచి జీపీజీ (GnuPG) అనే ప్రోగ్రామ్‌నే వాడుతున్నా, ఆ పనిలో ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. 1999లో వెర్నర్ కోచ్ 1.0 వెర్షన్ ఇచ్చినప్పటి నుంచి ఇప్పటిదాకా ఫ్రీ సాఫ్ట్‌వేరే, ఇంత మంచిది ఫ్రీగా దొరకడం నిజంగా గొప్ప విషయం. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా, ఒకటి ఎందుకు తగ్గించానో చెప్తా.

కీరింగ్, అంటే మన కీల గుత్తి, అంతా లినక్స్‌లో మన హోమ్ ఫోల్డర్‌లో డాట్ జీఎన్‌యూపీజీ అనే హిడెన్ ఫోల్డర్‌లో ఉంటుంది. దానికి 700, లోపల ఫైల్స్‌కి 600 పర్మిషన్ (ఎవరు తెరవొచ్చో చెప్పే నంబర్) ఉండాలి, అంటే అదే సిస్టమ్‌లో ఉన్న వేరే యూజర్లు తొంగి కూడా చూడలేరన్నమాట. మొదట్లో అదే సరిగ్గా పెట్టుకుంటుంది, మనం కాపీలు చేసినప్పుడే చెడుతుంది. నేను సిస్టమ్ మార్చినప్పుడు ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లా, దాని ఫార్మాట్ ఏమో ఎక్స్‌ఫ్యాట్, దాంట్లో లినక్స్ పర్మిషన్లు నిలవవు, కొత్తదాంట్లో పెట్టాక చూస్తే అన్నీ 755, అంటే ఎవరైనా చదవగలిగేలా, అయిపోయాయి. జీపీజీ అన్‌సేఫ్ పర్మిషన్స్ అని వార్నింగ్ ఇచ్చింది కానీ పని మాత్రం చేసేసింది, దాంతో నేనూ వారం రోజులు పట్టించుకోలేదు. అదే ఎస్‌ఎస్‌హెచ్ (వేరే సిస్టమ్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రామ్) అయితే ప్రైవేట్ కీ (మన దగ్గరే రహస్యంగా ఉండాల్సిన కీ) ఫైల్ వేరేవాళ్లు చదివేలా ఉంటే ఆ కీని ముట్టుకోనే ముట్టుకోదు, ఇది కూడా అలా ఆగిపోతే ఎంత బాగుండేదో. కీకి పాస్‌ఫ్రేజ్ (పొడవైన పాస్‌వర్డ్) ఉంది కదా అనొచ్చు, నిజమే, కానీ ఫైల్ దొరికినవాడు దాన్ని తీసుకెళ్లి తీరిగ్గా లక్షల పాస్‌ఫ్రేజ్‌లు ట్రై చేసుకోవచ్చు.

ఇప్పుడు ఫోల్డర్‌ని టార్‌లో (అన్ని ఫైల్స్‌ని పర్మిషన్లతో సహా ఒకే ఫైల్‌గా) కట్టి, దాన్నే మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేసి తీసుకెళ్తున్నా, పర్మిషన్లు అలాగే ఉంటున్నాయి. ఇంకోటి, సుడోతో (అడ్మిన్ హక్కులతో) జీపీజీ రన్ చేయకండి, కొన్ని సిస్టమ్స్‌లో ఫోల్డర్‌లోని కొన్ని ఫైల్స్ రూట్ (అడ్మిన్ యూజర్) పేరు మీదకి పోయి తర్వాత మన కీ మనకే పర్మిషన్ డినైడ్ అంటుంది, అప్పుడు 777 (అందరికీ అన్ని హక్కులూ) కొట్టేయాలనిపిస్తుంది, అస్సలు వద్దు, సీహెచ్‌ఓన్ కమాండ్‌తో ఓనర్‌ని మార్చుకుంటే చాలు.

బాగా నచ్చింది మాత్రం రివోకేషన్ సర్టిఫికెట్, అంటే కీ ఇక చెల్లదని ప్రకటించే ఫైల్. 2.1 వెర్షన్ నుంచి కీ చేయగానే అదే తయారు చేసి పక్కన పెడుతుంది, పొరపాటున ఇంపోర్ట్ అయిపోయి కీ రద్దవకుండా అసలు సర్టిఫికెట్ మొదటి లైన్ ముందు ఒక కోలన్ కూడా పెడుతుంది. నేను దాన్ని ప్రింట్ తీసి, కీ బ్యాకప్ ఉన్న చోట కాకుండా వేరే చోట దాచా.