పద్దెనిమిదేళ్ల కారు, తగ్గిపోయే ఆయిలు: ఒక సొంతదారు సమీక్ష

2007లో కొత్తగా కొన్న పెట్రోలు కారును నేను ఇప్పటికీ నడుపుతున్నాను. నాలుగు సిలిండర్ల చిన్న ఇంజను, ఇప్పటికి తిరిగింది 1,62,000 కిలోమీటర్లు. దాని రూపం, సీట్లు, ఏసీ గురించి చెప్పడానికి కొత్త విషయమేమీ లేదు. ఈ వయసు బండిని ఉంచుకోవాలా, అమ్మేయాలా అని ఆలోచించేవారికి పనికొచ్చేది ఇంజను ఆయిలు సంగతే కాబట్టి ఎక్కువగా దాని గురించే రాస్తాను.

లక్షా పదివేల కిలోమీటర్ల దాకా సర్వీసుకూ సర్వీసుకూ మధ్య ఆయిలు పోయవలసిన అవసరమే రాలేదు. ఆ తరువాత ఒకరోజు గుంటూరు నుంచి హైదరాబాదు వెళుతుండగా, మలుపు తిరిగినప్పుడల్లా ఆయిలు ప్రెషరు ఎర్రదీపం ఒక్క క్షణం వెలిగి ఆరిపోసాగింది. వెంటనే ఆపి డిప్‌స్టిక్ (ఆయిలు మట్టం కొలిచే కడ్డీ) తీసి చూస్తే కొసకు మాత్రమే తడి ఉంది. బండి నిలిపే చోట నేల మీద ఏనాడూ పెద్ద మరక కనిపించలేదు గనుక ఆయిలు గురించి నేను ఆలోచించనే లేదు. మెకానిక్ వద్దకు తీసుకెళితే బానెట్ ఎత్తి రెండు నిమిషాలు చూసి, పిస్టన్ల చుట్టూ ఉండి ఆయిలును పైకి రానివ్వని రింగులు పోయాయి, ఇంజను దించి బోరు పని (సిలిండర్ల లోపలి గోడలను సరిచేయడం) చేయించాలన్నాడు.

అంత ఖర్చు పెట్టే ముందు ఆయిలు ఎంత పోతోందో, ఎటు పోతోందో తెలుసుకోవాలనిపించింది. చదును నేల మీద, ఇంజను ఆపిన పది నిమిషాల తరువాత, ప్రతి ఆదివారం ఒకే వేళకు మట్టం చూసి పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. నా బండిలో పై గీతకూ కింది గీతకూ మధ్య పట్టేది సుమారు ఒక లీటరు. అది 1,400 కిలోమీటర్లకు ఖాళీ అవుతోందని తేలింది.

రాత్రిపూట ఇంజను కింద అట్ట పరిస్తే తెల్లవారేసరికి రెండు చిన్న చుక్కలు మాత్రమే కనిపించేవి. వాటిని చూసి చాంబర్ (ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టె) ప్యాకింగ్ మార్పించడం నేను చేసిన మొదటి పొరపాటు. కారిన ఆయిలు కిందికి జారుతుంది, ప్రయాణంలో గాలికి వెనక్కు పాకుతుంది కాబట్టి చుక్క పడిన చోటును కాకుండా తడి కనిపించే అన్నిటికన్నా పై చోటును వెతకాలి. ఇంజనును శుభ్రంగా కడిగించి రెండు వందల కిలోమీటర్లు తిప్పి చూశాక అసలు చోటు బయటపడింది. ఇంజను పైన ఉండే టాపెట్ కవర్ ప్యాకింగ్ వెనక మూల నుంచి ఆయిలు ఊరి, వేడెక్కిన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజను పొగ బయటికి పోయే గొట్టాలు) మీద పడి అక్కడే మాడిపోతోంది. నేల మీద మరక లేకపోవడానికీ, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు క్యాబిన్‌లోకి కమురు వాసన రావడానికీ కారణం ఇదే. మూడో స్పార్క్ ప్లగ్గు గుంటలోనూ ఆయిలు నిలిచి ఉంది. అంతకు కొన్ని నెలల ముందు నుంచి బండి అప్పుడప్పుడు మిస్సవుతుంటే పెట్రోలు కల్తీ అని సరిపెట్టుకున్నాను.

ప్యాకింగ్, ప్లగ్గు గుంటల సీళ్లు మార్చాక కూడా ఆయిలు తగ్గడం పూర్తిగా ఆగలేదు. మా తమ్ముణ్ని స్కూటరు మీద వెనకాల రమ్మని సైలెన్సరు పొగను గమనించమన్నాను. పొద్దున స్టార్టు చేయగానే ఒకసారి, వంతెన దిగేటప్పుడు యాక్సిలరేటరు వదిలి మళ్లీ నొక్కగానే మరోసారి నీలిపొగ వచ్చి పోయిందని చెప్పాడు. రింగులు అరిగితే బరువు మీద లాగుతున్నంతసేపూ నీలిపొగ వస్తుంది. ఇలా విడతగా వస్తే వాల్వు సీళ్లు (వాల్వుల కాడల వెంట ఆయిలు సిలిండర్‌లోకి దిగకుండా ఆపే రబ్బరు భాగాలు) గట్టిపడ్డాయని అనుమానించాలి. నిర్ధారణ కోసం కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పుడు సిలిండర్‌లో పెరిగే ఒత్తిడి) చూపించాను. నాలుగు సిలిండర్లూ దాదాపు సమానంగా, 158 నుంచి 165 పీఎస్ఐ (ఒత్తిడి కొలమానం) మధ్య ఉన్నాయి. ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ కొలిచినా పెద్దగా పెరగలేదు. రింగులు వదులై ఉంటే ఆ ఆయిలు సందులు మూసి అంకె బాగా పెరిగేది.

ఈ వెతుకులాటలో అన్నిటికన్నా చవకైన దోషి పీసీవీ వాల్వు. ఇంజను అడుగు భాగమైన క్రాంక్‌కేసులో చేరే వాయువులను తిరిగి ఇన్‌టేక్‌లోకి (ఇంజను గాలి పీల్చే దారిలోకి) పంపే ఈ చిన్న భాగం మూసుకుపోతే, లోపల ఒత్తిడి పెరిగి ఆయిలును సీళ్ల గుండా బయటికి తోస్తుంది. విప్పి ఊపితే గలగలమనాలి, నాది మూగబోయింది. ఐదు వందల రూపాయలు కూడా కాని ఈ భాగాన్ని ముందే మార్చి ఉంటే కొత్త ప్యాకింగ్ మళ్లీ చెమర్చేది కాదని ఇప్పుడు అనిపిస్తుంది. తరువాత హెడ్డు (సిలిండర్ల పైన మూతలా ఉండే ఇంజను భాగం) దించకుండానే, సిలిండర్‌లోకి గాలి ఎక్కించి వాల్వులను నిలబెట్టి, సీళ్లు మార్పించాను.

చిక్కటి ఆయిలు పోస్తే చాలన్న సలహా కూడా పాటించి చూశాను. చిక్కదనం ఎక్కువున్న 20డబ్ల్యు-50 రకం పోస్తే ఆయిలు పోవడం కాస్త తగ్గిన మాట నిజమే గానీ, పొద్దున టాపెట్ చప్పుడు ఎక్కువసేపు వినిపించింది, పికప్ మందగించింది. మాన్యువల్ అనుమతించిన, అంతకన్నా పలచనైన 10డబ్ల్యు-40కి తిరిగి వచ్చాను.

మిగిలిన ఇబ్బందులు చిన్నవి. ఇంజనులోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీలో మసి పేరుకుని ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను తిరిగే వేగం) ఎగుడుదిగుడుగా ఉండేది. శుభ్రం చేయిస్తే పోయింది. రేడియేటరులో కొంతకాలం బోరు నీళ్లు పోసిన పాపానికి ఉప్పు పేరుకుని అది మార్చవలసి వచ్చింది. ఒక చలికాలంలో ఆయిలు మూత కింద పాలమీగడ లాంటి నురగ చూసి హెడ్ ప్యాకింగ్ పోయి, ఇంజనును చల్లబరిచే కూలెంట్ ఆయిలులో కలుస్తోందని హడలిపోయాను. కూలెంట్ మాత్రం తగ్గలేదు. ఒక దూరప్రయాణంతో నురగ మాయమైంది. రోజూ రెండు కిలోమీటర్లే తిప్పడం వల్ల పట్టిన చెమ్మ అది.

ఇప్పుడు 4,500 కిలోమీటర్లకు ఒక లీటరు పోస్తున్నాను, డిక్కీలో అర లీటరు డబ్బా ఎప్పుడూ ఉంటుంది. 2022లో ఐదేళ్లకు పునరుద్ధరించిన రిజిస్ట్రేషన్ 2027లో ముగుస్తుంది. అప్పటికి పుస్తకంలో లీటరుకు వచ్చే కిలోమీటర్ల అంకె మూడు వేలకు దిగజారితే రింగుల పని చేయిస్తాను, లేదంటే ఇలాగే నడుపుతాను.