అంబాసిడర్‌కి ఎలక్ట్రిక్ ఫ్యాన్: పెట్టాలా, పాతదే ఉంచాలా?

1489 సీసీ పెట్రోల్ ఇంజనున్న పాత అంబాసిడర్ ఎండాకాలంలో హీటెక్కితే చాలామందికి ముందు తట్టే మందు మారుతి 800 రేడియేటర్ ఫ్యాన్. ఫ్యాన్ మంచిదే, గాలి బాగా లాగుతుంది. కానీ డైనమో (ఇంజనుతో తిరిగి కరెంటు ఇచ్చే పాత రకం జనరేటర్) ఉన్న బండికి పెట్టొద్దనే చెబుతాం. ఆల్టర్నేటర్‌కి (దాని స్థానంలో వచ్చిన కొత్త రకం) మార్చిన బండికైతే నిశ్చింతగా పెట్టుకోవచ్చు. ఏసీ ఉంటే పెట్టుకోక తప్పదు.

డబ్బు తీసేముందు బండి ఎప్పుడు వేడెక్కుతోందో చూడండి. సిగ్నల్ దగ్గర టెంపరేచర్ మీటరు ముల్లు లేచి, కదలగానే దిగితే గాలి చాలడం లేదని అర్థం. అది ఫ్యాన్ పనే. హైవే మీద 80లో పోతుంటే ముల్లు లేస్తోందా, ఏ ఫ్యాన్ పెట్టినా లాభం లేదు. ఆ వేగంలో గ్రిల్‌లోంచి వచ్చే గాలే సరిపోవాలి. అప్పుడు చూడాల్సింది రేడియేటర్ కోర్‌లో (నీళ్లు పారే సన్నటి ట్యూబుల్లో) పేరుకున్న సున్నం, ఇగ్నిషన్ టైమింగ్, హెడ్ గ్యాస్కెట్. కింది హోస్ పైపు కూడా చూడాలి. అది పంపు నీళ్లు పీల్చుకునే వైపు కాబట్టి, రబ్బరు మెత్తబడితే రేస్ ఇచ్చినప్పుడు లోపలికి నొక్కుకుపోతుంది. బానెట్ ఎత్తి, ఒకరిని యాక్సిలరేటర్ తొక్కమంటే కంటికే కనబడుతుంది. థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) పీకేయడం మన దగ్గర పాత అలవాటు. అది రోగానికి మందు కాదు, పైగా ఉదయంపూట ఇంజను సరైన వేడికి రాక పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

ఇక కంపెనీ ఫ్యాన్. వాటర్ పంపు పుల్లీతోపాటే తిరుగుతుంది. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) లేదు, ఫ్యూజు లేదు, బెల్టు ఉన్నంతసేపూ పనిచేస్తుంది. దాని లోపమల్లా ఒకటే: ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు, అంటే మనకు గాలి బాగా అవసరమైనప్పుడే, అదీ నెమ్మదిగా తిరుగుతుంది. వేగం రెట్టింపయితే అది తినే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అంటే గాలి అక్కర్లేని హైవే మీదే ఎక్కువ తింటుంది. అయినా చాలా బండ్లలో తప్పు ఫ్యాన్‌ది కాదు. దాని చుట్టూ ఉండాల్సిన ష్రౌడ్ రేకు లేకపోతే రెక్కల అంచుల దగ్గర ఆ గాలే వెనక్కీ ముందుకీ చుట్టు తిరుగుతుంది, కోర్‌లోంచి రాదు. రేకు కట్టించి, రెక్క వెడల్పులో సగం దాని లోపల ఉండేలా చూసుకోండి. చుట్టూ ఒక అంగుళం ఖాళీ వదలాలి. ఇంజను మౌంటింగులు అరిగిన బండిలో ఇంజను ఊగి రెక్క రేకుకి తగులుతుంది, కాబట్టి ముందు మౌంటింగులు మార్చాలి. బెల్టు పొడుగు వైపు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి.

ఫ్యాన్ విప్పినప్పుడు రెక్క మొదట్లో, రివెట్ల చుట్టూ, గుడ్డతో తుడిచి వెలుతురులో చూడండి. వెంట్రుకంత సన్నటి గీత, దాని పక్కన ఎర్రటి తుప్పుపొడి కనిపిస్తే అది పగులు. వెల్డింగ్ చేయించి వాడొద్దు. వేగంలో రెక్క ఊడితే రేడియేటర్‌ని చీల్చేస్తుంది.

డైనమో బండికి ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఎందుకొద్దో లెక్క వేద్దాం. లూకాస్ సీ40 డైనమో గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంపియర్లు. 45 వాట్ల హెడ్‌లైట్లు రెండింటికి ఏడున్నర, కాయిల్‌కి మూడు నాలుగు, వెనక లైట్లూ వైపరూ కలిపి నాలుగైదు. అక్కడికే 15 దాటింది. చిన్న కారు ఫ్యాన్ నడిచేటప్పుడు సుమారు 8 నుంచి 10 లాగుతుంది, స్టార్టయ్యే క్షణంలో ఇంకా చాలా ఎక్కువ. అసలు గండం ఐడ్లింగ్‌లో ఉంది: అప్పుడు డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు. ఫ్యాన్ తిరిగేది సరిగ్గా అప్పుడే, అదీ బ్యాటరీ మీద. వానాకాలం రాత్రి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే లైట్లు ఎర్రబడి, చివరికి ఇంజనే ఆగుతుంది. అంబాసిడర్ ఇంజను బి-సిరీస్ అనే ఇంగ్లండ్ కుటుంబానిది. అదే కుటుంబం ఇంజనున్న ఇంగ్లండ్ స్పోర్ట్స్ కారు ఎంజీబీకి 1977 మోడల్ నుంచి ఫ్యాక్టరీయే ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టింది. కానీ ఆ కారుకి అంతకు చాలా ఏళ్ల ముందే డైనమో పోయి ఆల్టర్నేటర్ వచ్చింది. ఆ వరస తలకిందులు చేయకూడదు.

ఆల్టర్నేటర్ ఉంటే బిగింపు ఇలా. ఫ్యాన్ రేడియేటర్‌కి ఇంజను వైపే ఉండి గాలిని లాగాలి. ముందువైపు పెడితే వచ్చే గాలికే అడ్డం. మోటారు మందం, పంపు ముక్కుకీ కోర్‌కీ మధ్య దూరం కొలిచాకే కొనండి. పట్టీలు రేడియేటర్ పక్క రేకులకు బిగించాలి. కోర్ మధ్యలోంచి ప్లాస్టిక్ టైలు దూర్చి కట్టే పద్ధతి వద్దు, అదురుకి ట్యూబులు అరిగి కారతాయి. పాత ఫ్యాన్, పుల్లీ ఒకే బోల్టులతో ఉంటాయి కాబట్టి, ఫ్యాన్ తీశాక దాని మందానికి సరిపడా వాషర్లు వేయాలి, లేదా పొట్టి బోల్టులు వాడాలి.

వైరింగ్‌కి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 30 ఆంపియర్ల రిలే. బ్యాటరీ నుంచి 20 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా రిలే మీద 30 అని రాసిన పిన్నుకి, 87వ పిన్ను నుంచి మోటారుకి. 86కి ఇగ్నిషన్ కరెంటు, 85 నుంచి థర్మో స్విచ్ (నీళ్ల వేడిని బట్టి ఆన్ అయ్యేది) మీదుగా ఎర్త్. ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. పై హోస్ కోసి మధ్యలో అల్యూమినియం ముక్క పెట్టి ఒంటి టెర్మినల్ స్విచ్ (ఎర్త్ దాని బాడీ నుంచే అందాలి) బిగిస్తారు. రెండు వైపులా రబ్బరే కావడంతో దానికి ఎర్త్ అందదు, ఫ్యాన్ తిరగదు. ఆ ముక్క నుంచి ఛాసిస్‌కి విడిగా వైరు వేయాలి. థర్మోస్టాట్ 82 డిగ్రీలదైతే స్విచ్ 92 దగ్గర ఆన్, 87 దగ్గర ఆఫ్ అయ్యేది తీసుకోండి. థర్మోస్టాట్ కంటే తక్కువలో ఆఫయ్యేదైతే ఫ్యాన్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

ఏసీ బండిలో కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) రేడియేటర్ ముందు నిలబడి గాలిని ఆపుతుంది. కాబట్టి కంప్రెసర్ క్లచ్ ఆన్ కాగానే ఫ్యాన్ కూడా తిరిగేలా రెండో రిలే వేయించండి.

అంతా అయ్యాక గ్రిల్ ముందు పేపరు ముక్క పట్టండి. లోపలికి అతుక్కోవాలి. ఎగిరిపోతే మోటారు వైర్లు తారుమారయ్యాయి. తిరుగుతోంది కదా అని వదిలేస్తే ఎదురుగాలితో పోట్లాడుతుంది. పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపిన) బండి అయితే ఈ పరీక్ష అసలు మానొద్దు.