సోమాలియా, సోమాలీలాండ్: కూలిన రాజ్యాన్ని ఎటునుంచి కట్టడం మేలు?

1991 జనవరిలో నియంత సియాద్ బర్రె రాజధాని మొగదిషు వదిలి పారిపోయాక సోమాలియాలో కోర్టు లేదు, పోలీసు లేడు, ఖజానా లేదు. ఆ తర్వాత ఒకే భాష మాట్లాడే జనం రెండు దారులు పట్టారు.

దక్షిణాన ముందు ప్రభుత్వం, మిగతావి తర్వాత. ఐరాస సైన్యం వచ్చి 1995లో వెళ్లిపోయింది. 2000లో జిబూటీలో ఒక ప్రభుత్వం, 2004లో కెన్యాలో ఇంకొకటి ఏర్పడ్డాయి. ఖర్చు పరాయివాళ్లది, పదవుల పంపకం సోమాలీ నాయకులది. కెన్యాలో పుట్టిన ప్రభుత్వం రాజధానిలో అడుగుపెట్టింది 2006 చివర్లో, అదీ ఇథియోపియా సైన్యం అండతో. భూతగాదా వస్తే సర్కారీ కోర్టు వదిలి, ప్రభుత్వంపై పోరాడే ఇస్లామిక్ సాయుధ ముఠా అల్ షబాబ్ కోర్టు మెట్లెక్కిన మొగదిషు వాసులున్నారు. అక్కడ లంచం ఉండదని పేరు, తీర్పు అమలవుతుంది. భయంతోనే అనుకోండి!

ఉత్తరాన, సోమాలియా నుంచి విడిపోయామని 1991లోనే ప్రకటించుకున్న సోమాలీలాండ్‌లో ముందు తగవులు తీర్చుకున్నారు. 1993లో బొరామా పట్టణంలో తెగల పెద్దలు నెలల తరబడి కూర్చుని, ఆయుధాలు ఎలా అప్పగించాలి, దారుల భద్రతకు ఎవరు పూచీ అన్నవి తేల్చాకే ఎగాల్ అనే నాయకుణ్ణి అధ్యక్షుణ్ణి చేశారు. భోజనాల ఖర్చులో పెద్ద భాగం స్థానికులే భరించారు. దాని ఫలితం 2003లో కనిపించింది. దాదాపు 5 లక్షల ఓట్లు పడిన అధ్యక్ష ఎన్నికలో తొలి లెక్క ప్రకారం తేడా 80 ఓట్లు. ఓడిన ప్రతిపక్ష అభ్యర్థి సిలాన్యో తుపాకీ పట్టలేదు, సుప్రీంకోర్టుకు వెళ్లాడు. అక్కడా ఓడాడు, ఊరుకున్నాడు. 2010లో గెలిచి గద్దెనెక్కాడు.

నా ఓటు ఉత్తరం దారికే. కాకపోతే దీన్ని మొగదిషుకు ఉన్నపళంగా ఎత్తుకెళ్లి పెట్టలేం. ఉత్తరాన ఇసాక్ తెగదే పైచేయి. దక్షిణాన మాత్రం మొగదిషు ఓడరేవు, విమానాశ్రయాల కోసం కొట్టుకునే ముఠాలు అన్నో ఇన్నో కావు.

పెద్దల న్యాయానికీ లోపాలున్నాయి. సంప్రదాయం ప్రకారం హత్యకు పరిహారం మగవాడికి 100 ఒంటెలు, ఆడమనిషికి 50. పెద్దల సభ గుర్తీకి ఇప్పటిదాకా నేరుగా ఎన్నికల్లేవు, తండ్రి పోతే సీటు కొడుక్కి దక్కుతోంది. తూర్పున ఉన్న ధుల్‌బహంతే తెగలో చాలామందికి సోమాలియా నుంచి విడిపోవడమే ఇష్టం లేదు. 2023లో వాళ్లు తిరగబడి సోమాలీలాండ్ సైన్యాన్ని తమ ప్రాంతంలోని లాస్ అనోద్ పట్టణం నుంచి తరిమేశారు.